పిలిచిన వరస

జీలుగుపాడు, టైడా పైన
ఫిబ్రవరి 19

చెల్లి క్యాథరిన్‌కి,

అక్క తెరిసమ్మ రాసేది. ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెడదామని కూర్చున్నాను కానీ అది నిజం కాదు. మీ బావ చెట్టు మీంచి పడ్డాడు.

కంగారు పడకు, ప్రాణానికి ఏమీ కాలేదు. మిరియాలు కోయడానికి, తీగ పాకిన సిల్వర్ ఓక్ ఎక్కాడు. నీకు తెలుసుగా, మాది ఒంటి వెదురు నిచ్చెన. పొద్దున్నే ఎక్కొద్దు, మంచుకి కణుపులు తడిసి ఉంటాయి అన్నాను. వినలేదు. నేను కింద రాలిన కంకులు ఏరుతున్నాను. చప్పుడు వినిపించింది కానీ అరుపు వినిపించలేదు. వెనక్కి తిరిగేసరికి కాఫీ మొక్కల మధ్య కూర్చుని తన కాలి వైపు తానే వింతగా చూసుకుంటున్నాడు. కుడి మోకాలు చూస్తుండగానే కొబ్బరికాయంత వాచింది. పాదం పక్కకి వాలిపోయింది.

రత్నాలు మామ వచ్చి ఆకులు నూరి వేసి వెదురు బద్దలతో కట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి ఏ ఎముక పక్కకి పోయినా ఆయనే కదా కట్టేది. "ఎముక ఇరగనేదు. కీలు తిరిగినాదంతే. రెండు అమాసలు దాటితే లేసి తిరుగుతాడు" అన్నాడు. ఆ మాట అని పదహారు రోజులైంది. వాపు తగ్గలేదు. పక్క మీంచి దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పట్నం వెళ్దామంటే మీ బావ, "కాలు కోసెత్తారు, నానెల్లను" అని గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

ముందే రాయనందుకు తిట్టకు. పిల్ల ఏంజెలిన్ హాస్టల్లో ఉంది, దానికి ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం చర్చి ఉపదేశి స్తెఫను గారి చేత టైడాలో పోస్టు చేయిస్తున్నాను. ఏం చేయమంటావో రాయి.

మీ అక్క
తెరిసమ్మ


విశాఖపట్నం
ఫిబ్రవరి 26

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట భయమేసింది, తరవాత నీ మీద కోపం వచ్చింది. పదహారు రోజులా? ఎముకల వార్డులో పదకొండేళ్ళుగా నర్సుగా ఉన్న చెల్లెలు నీకుంది. పాదం పక్కకి వాలిపోయిందంటే అది కీలు తిరగడం కాదు. మోకాలి లోపల, కీలు కూర్చునే చోట ఎముక పగిలింది. ఫోన్ చేద్దామంటే మీ వైపు టవరే లేదు.

బావని వెంటనే తీసుకురా. రోడ్డు దాకా డోలీ, అక్కణ్ణుంచి జీపు, టైడాలో రైలు. కాలు కొయ్యరని నా మాటగా చెప్పు.

ఇక్కడ మా డాక్టర్ రవిబాబు గారు రెండేళ్ళుగా ఒక రిసెర్చ్ చేస్తున్నారు. మన ఏజెన్సీ వాళ్ళంతా ఆలస్యంగానే వస్తారు కదా. మూడు వారాలు దాటితే ఎముక వంకరగానే అతుక్కోవడం మొదలవుతుంది. అప్పుడు కోసి ప్లేటు వేస్తే మేలా, కోయకుండా కట్టు కట్టి మెల్లగా వంచుతూ వస్తే మేలా? ఎవరికీ సరిగ్గా తెలియదట. అందుకని చేరినవాళ్ళలో సగం మందికి ఆపరేషన్, సగం మందికి కట్టు. ఎవరికి ఏది అన్నది డాక్టరు ఎంచరు, రోగీ ఎంచడు. నంబర్లు వేసి సీలు చేసిన కవర్లు ఉంటాయి. మనిషి వచ్చిన వరసలో ఒక్కో కవరు తెరుస్తాం. లోపల ఏది రాసి ఉంటే అదే వైద్యం. ఆ కవర్లు నా బీరువాలో ఉంటాయి, పుస్తకం రాసేది కూడా నేనే.

రిసెర్చ్‌లో చేరకపోతే ఇంత ఆలస్యమైన కాళ్ళకి ఇక్కడ మామూలుగా కట్టే కడతారు. చేరితే ఆపరేషన్ దొరికే ఆశ సగమైనా ఉంటుంది. అందుకే చేరమంటున్నాను.

ఇంకొక మాట. వార్డులో నన్ను చెల్లీ అని పిలవకు. అందరిలాగే సిస్టర్ అను. సొంతవాళ్ళయితే ఆ పేషెంటు పని నేను చూడకూడదని రూలు ఉంది. బావకి కూడా గట్టిగా చెప్పు, మరదలా అని వార్డంతా వినబడేలా పిలవగలడు.

బయల్దేరు. జవాబు రాయకు, మనిషిని తీసుకురా.

క్యాథరిన్


జీలుగుపాడు
ఏప్రిల్ 10

చెల్లికి,

ఇల్లు చేరి రెండు వారాలైనా ఇవాళే కాగితం దొరికింది. వార్డులో ఇరవై రోజులు రోజూ నిన్ను చూస్తూ కూడా నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. నిన్ను సిస్టర్ అని పిలిచిన ప్రతిసారీ నాకు నవ్వొచ్చేది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

మీ బావ బాగున్నాడు. కర్రల మీద వాకిలి దాకా వచ్చి కూర్చుంటున్నాడు. కాఫీ పూత చూడాలని తొందర. వచ్చిన వాళ్ళందరికీ మోకాలి మీద కుట్లు చూపించి, "లోపల ఇనుప ప్లేటు ఉంది, ఏడు మేకులు" అని చెప్తున్నాడు. రత్నాలు మామ కూడా వచ్చి వేలితో తడిమి చూసి వెళ్ళాడు.

నీతో ఒకటి చెప్పాలి. మా పక్క మంచం భీముడు గుర్తున్నాడుగా, కొయ్యూరు నుంచి వెదురు మోపుతో జారిపడి మోకాలు పగలగొట్టుకుని వచ్చినవాడు. ఆయన భార్య సోములమ్మ, నేను ఒకే గిన్నెలో అన్నం తిన్నాం. ఆ రోజు కవర్లు తెరిచాక ఆ మనిషి మెట్ల దగ్గర కూర్చుని, "మా కవర్లో కట్టే వచ్చినాదట అప్పా, మా రాత ఏటి ఇలాగుంది?" అని ఏడ్చింది. ఆ పొద్దున మనమే ముందొచ్చాం. నువ్వు వాళ్ళని ముందు పిలిచావేమిటా అని నేను లోపల నొచ్చుకున్నాను కూడా. తీరా చూస్తే అదే మనకి కలిసొచ్చింది. దేవుడు చేసే పనులు అలాగే ఉంటాయి. కానీ మాకు దొరికింది వాళ్ళకి దొరకలేదంటే తిన్న అన్నం లోపలికి దిగలేదు.

భీముడు చెకప్‌కి వస్తే కాస్త బాగా చూడు. నా పేరు చెప్పి చూడు.

తెరిసమ్మ


విశాఖపట్నం
ఏప్రిల్ 21

అక్కా,

నీ ఉత్తరం అందింది. బావ నడుస్తున్నందుకు సంతోషం. బరువు మోపి నడవకూడదు, మూడు నెలలు కాలేదు. కుట్ల చోట తడి తగలకూడదు. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, నీరు కారినా ఆ రోజే బయల్దేరాలి. ఆకులు, పసర్లు, పసుపు ఏదీ దగ్గరికి రానివ్వొద్దు. ఇవి ఒక కాగితం మీద విడిగా రాసి పంపుతున్నాను, గోడకి అంటించు.

భీముణ్ణి నువ్వు చెప్పకపోయినా చూస్తాను. అది నా పని. వాళ్ళ సంగతి ఉత్తరాల్లో రాయకు. వార్డులో రోగుల గురించి బయట మాట్లాడుకోకూడదు.

డ్యూటీకి టైమవుతోంది.

క్యాథరిన్


జీలుగుపాడు
జూన్ 14

క్యాథరిన్,

నిన్ను తొందర పెట్టడం ఇష్టం లేక ఆగాను, ఇక ఆగలేను. మీ బావకి కుట్టు కింది కొసన ఒక చోట విడిచి నీరు కారుతోంది. మొదట పల్చగా ఉండేది, నాలుగు రోజులుగా చిక్కగా, వాసనగా వస్తోంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోతోంది. చలి చలి అని రెండు గొంగళ్ళు కప్పుకుంటున్నాడు. ఏఎన్ఎం వచ్చి మాత్రలు ఇచ్చి బేగి పట్నం పట్టుకెళ్ళమంది.

వెళ్దామని ఆదివారం డోలీ కట్టించాం. ఆరుగురు వచ్చారు. రోడ్డుకి ముందు దాటే గెడ్డ దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. పైన ఎక్కడో వాన. నలుగురు దిగి చూశారు, ఒకడి కాలు తేలిపోయింది. ఇటు ఒడ్డునే మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. మీ బావ డోలీలోంచి నీళ్ళని చూస్తూ, "ఇంటికి పోదాం, రేపు తగ్గుతాది" అన్నాడు. రేపు తగ్గలేదు. ఎల్లుండీ తగ్గలేదు. ఇవాళ ఆరో రోజు. వాన తగ్గినట్టే తగ్గి మళ్ళీ పడుతోంది. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి గెడ్డలో రాయి ఎంత మునిగిందో చూసి వస్తున్నాను.

స్తెఫను గారు పైదారిన కొండ చుట్టి నడిచి వెళ్తానన్నారు. ఈ ఉత్తరం ఆయనకి ఇస్తున్నాను. నడవలేనివాణ్ణి ఆ దారిన ఎలా మోస్తాం?

అక్క


విశాఖపట్నం
జూన్ 18

అక్కా,

గెడ్డ తగ్గిన గంటలో బయల్దేరండి. తగ్గకపోతే మండల ఆఫీసుకి, పోలీసుస్టేషనుకి మనిషిని పంపు, తాడు కట్టి దాటించమను. నేను ఇక్కణ్ణుంచి తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాను. మంచం ఖాళీ పెట్టించాను. డాక్టరు గారికి చెప్పాను.

బావకి నీళ్ళు తాగించు. జ్వరానికి మాత్ర ఆపకు.

నేను ఇక్కడ కూర్చుని ఉత్తరం రాయడం తప్ప ఏమీ చేయలేకపోతున్నాను. ఇది నీకు చేరేలోపే నువ్వు నా ఎదురుగా ఉండాలని కోరుకుంటున్నాను.

క్యాథరిన్


విశాఖపట్నం
సెప్టెంబర్ 22

అక్కా,

గెడ్డ తగ్గి వచ్చి, రెండోసారి వార్డులో ఉండి, మీరు ఇంటికి వెళ్ళి నెల దాటింది. బావ మోకాలు కోసి, ప్లేటు తీసేసి, చీము పట్టిన కీలు మూడుసార్లు కడిగి, ఇక వంగే ఆశ లేదని నిటారుగా బిగించి పంపిన రోజు నుంచి నీకు ఒక ఉత్తరం రాయాలని మొదలుపెడుతున్నాను. చింపేస్తున్నాను. ఇది చింపను.

పోయిన మంగళవారం భీముడు ఆరు నెలల చెకప్‌కి వచ్చాడు. కర్ర లేకుండా నడిచి వచ్చాడు. డాక్టరు గారు మంచం మీద పడుకోబెట్టి మోకాలు వంచి కొలిచారు. నూట ఇరవై డిగ్రీలు. ఆయన ముఖం వెలిగిపోయింది. "నేల మీద కూర్చోగలవా?" అన్నారు. భీముడు అక్కడే, వార్డు గచ్చు మీద గొంతుక్కూర్చుని లేచి చూపించాడు. సోములమ్మ నా చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, ఆయాల అంత ఏడిసినాను కదా, ఇప్పుడు సూడు మా ఓణ్ణి" అంది. ఒక సీసాడు తేనె ఇచ్చింది. నీ గురించి అడిగింది. "ఆలకి ఆపరేసను అయినాది కదా, ఇంకా బాగా నడుత్తన్నాడా?" అంది. నేను అవునన్నాను అక్కా. ఆ మనిషి ముఖం మీద అవునన్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

మార్చిలో ఆ పొద్దున మీరే ముందు వచ్చారు. నువ్వు సరిగ్గానే గమనించావు. పుస్తకంలో తరవాతి నంబరు ఇరవై ఏడు. అక్కడ బావ పేరు రాయాలి. రాయబోయి ఆగాను. ఆ కవర్లు మందంగానే ఉంటాయి. కానీ స్టోర్‌రూములో ట్యూబ్‌లైటుకి ఆనించి పట్టుకుంటే లోపలి అక్షరాలు లీలగా కనిపిస్తాయని నాకు తెలుసు. తెలిసినా ఎన్నడూ చూడలేదు. ఆ రోజు చూశాను. ఇరవై ఏడులో కట్టు. ఇరవై ఎనిమిదిలో ఆపరేషన్. బయటికి వచ్చి మిమ్మల్ని దాటి వెనక బెంచీ వైపు చూసి "భీముడు ఎవరు?" అన్నాను.

చేసింది అంతే. ఒక్క అక్షరం దిద్దలేదు, సీలు విప్పలేదు. పిలిచే వరస మార్చాను.

ఏది మేలో మాకు తెలియదమ్మా, అందుకే ఈ రిసెర్చ్ అని రెండేళ్ళుగా ప్రతి రోగికీ నేనే చెప్పాను. అది నోటితో చెప్పాను, మనసులో మాత్రం ఆపరేషనే గొప్పదని నమ్మాను. గొప్పది మనవాళ్ళకి రావాలనుకున్నాను. నువ్వు దేవుడు చేశాడని రాసిన ఉత్తరం వచ్చిన రోజు నేను భోజనం చేయలేదు.

కట్టు కట్టి ఉంటే బావ కాలు బాగుండేదా అంటే నాకు తెలియదు. చీము ఎవరికైనా పడుతుంది. కానీ ఆయనకి రావలసింది కట్టు. ఆ కట్టుతో ఇంకో మనిషి గొంతుక్కూర్చుని లేస్తుంటే నేను చూశాను.

బావకి నువ్వే చెప్పు. చెప్పి, ఆయన ఏమంటే అది నాకు రాయి. నేను రేపు డాక్టరు గారికి చెప్పబోతున్నాను.

క్యాథరిన్


విశాఖపట్నం
అక్టోబర్ 20

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఉత్తరం అందిందో లేదో కనుక్కుందామని స్తెఫను గారికి కబురు పంపాను. "మీ అక్క చేతికే ఇచ్చాను, ఎదురుగానే విప్పింది" అన్నారట. సరే. అయినా జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మీ బావగారి కాలు నీ వల్ల పోయిందని నేను అనను క్యాథరిన్. అలా అనుకుని నువ్వు కుంగిపోవద్దు. కానీ ఎవరి కాలు దేనివల్ల పోతుందో, దేనివల్ల నిలుస్తుందో తెలుసుకుందామనే కదా ఇన్నాళ్ళు ఈ పుస్తకం రాశాం. ఆ పుస్తకాన్ని నేనిప్పుడు ఎలా నమ్మను?" అన్నారు.

ఈ ఒక్కసారే చేశానని చెప్పాను. ఆయన నమ్మారనే అనుకుంటున్నాను. ఆసుపత్రి కమిటీ మాత్రం నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం వాళ్ళకి లేదు. ఆ బీరువా తాళం నా ఒక్కదాని దగ్గరే ఉండేది కాబట్టి నలభై ఒక్క మందిలో ఎవరిని నేను ఏ వరసలో పిలిచానో ఎవరూ చెప్పలేరన్నారు. రిసెర్చ్ మొత్తం ఆపేశారు. నలభై ఒక్క కాళ్ళూ లెక్కలోంచి తీసేశారు. పాడేరు నుంచి ఎనిమిది నెలల గర్భంతో భర్తని తీసుకొచ్చిన ఒక మనిషి ఉంది. ఆరు కొండలు దిగి ప్రతి చెకప్‌కీ వచ్చిన ముసలాయన ఒకడున్నాడు. వాళ్ళు వచ్చిందంతా దేనికీ పనికిరాకుండా పోయింది. ఇకమీదట ఆలస్యంగా వచ్చేవాళ్ళకి కోయాలో కట్టాలో ఇదివరకటిలాగే ఎవరికీ తెలియదు.

భీముడికి డాక్టరు గారే స్వయంగా చెప్పారు. నేను గదిలోనే ఉన్నాను, ఉండమన్నారు. భీముడు రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. తరవాత, "అయితే నాకు రావాల్సిన ఆపరేసను ఆలకెల్లిపోనాదా? పాపం, ఆ మడిసికి ఎంత కట్టం వచ్చినాది" అన్నాడు. సోములమ్మ మాత్రం కొంగు సర్దుకుని లేచింది. నా వైపు చూడలేదు. వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకోలేదు.

నన్ను వేరే వార్డుకి మార్చారు. విచారణ ఉంది. ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. నువ్వు తిడుతూ రాసినా సరే, రాయి.

క్యాథరిన్


జీలుగుపాడు
డిసెంబర్ 8

చెల్లికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది స్తెఫను గారి ఎదురుగా విప్పి, నాలుగు వరసలు చదివి, మడిచి రవికలో పెట్టుకున్నాను. కాఫీ తోటలోకి వెళ్ళి మిగతాది చదివాను. ఆ రోజు నీ మీద ఎంత కోపం వచ్చిందంటే నువ్వు ఎదురుగా ఉంటే కొట్టి ఉండేదాన్ని. చిన్నప్పుడు కూడా నిన్ను కొట్టలేదు నేను.

రెండు నెలలు ఎందుకు రాయలేదో చెప్తాను. కోపంతో కాదు. కోపం వారంలోనే పోయింది. పోయాక నన్ను నేనే ఒకటి అడిగాను. ఆ పొద్దున నువ్వు నా చెవిలో, "బావకి కట్టు వచ్చింది, ఇంకో కవర్లో ఆపరేషన్ ఉంది, ఏం చేయను?" అని అడిగి ఉంటే నేనేమనేదాన్ని? మార్చమని నీ కాళ్ళు పట్టుకునేదాన్ని. సోములమ్మ అప్పటికి నాకు ఎవరో కూడా తెలియదు. అడగకుండానే నువ్వు నా పని చేశావు. ఇక నిన్ను ఏమని తిట్టను?

నా దగ్గర కూడా ఒకటి ఉంది. నువ్వు అంత రాశాక అది దాచుకుని ఉండలేను. కుట్టు దగ్గర తడి జూన్‌లో మొదలవలేదు. మే నెల మొదట్లోనే ఒక చుక్క వచ్చేది. నీ కాగితం గోడ మీద ఉంది, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ మళ్ళీ డోలీ, మళ్ళీ రైలు, మళ్ళీ ఇరవై రోజులు తోట వదిలేయడం అనుకుని, రత్నాలు మామని పిలిచాను. ఆకు నూరి వేశాడు. రెండు రోజులు ఆరింది. మళ్ళీ తడి. మళ్ళీ వేశాడు. అలా నెల రోజులు. జూలైలో డాక్టరు గారు, "పుండు మీద ఏదైనా వేశారా?" అని మూడుసార్లు అడిగారు. లేదన్నాను. ఆయన పుస్తకంలో లేదనే రాసుకున్నారు. కాబట్టి నీ ఒక్కదాని వల్లే ఆ పుస్తకం చెడలేదు.

నీ కవరు వల్లనా, నా ఆకు వల్లనా, ఆ గెడ్డ వల్లనా, నాకు తెలియదు. డాక్టరుకీ తెలియదు. ఇక ఎవరికీ తెలియదు.

మీ బావ గురించి అడిగావు. కాలు చీపురుకట్టలా ముందుకి చాచే ఉంటుంది. కొండ ఎక్కడానికి పక్కకి తిరిగి ఒక్కో అడుగూ వేయాలి. మిరియం చెట్లు ఈ ఏడు పక్కవాళ్ళకి ఇచ్చేశాం. కాఫీ పళ్ళు నేను కోసి తెస్తే తను వాకిట్లో స్టూలు మీద కూర్చుని పచ్చివీ పండినవీ వేరు చేస్తాడు. చర్చిలో అందరం చాప మీద కూర్చుంటాం కదా, బలిపీఠం వైపు కాలు చాపి కూర్చోడానికి ఆయనకి మనసొప్పలేదు. ఇప్పుడు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, కాలు బయటికి పెట్టి కూర్చుంటున్నాడు. వాన పడితే ఆ పాదం ఒక్కటీ తడుస్తుంది.

చెప్పమన్నావు. చెప్పాలనే చూశాను. పోయిన గురువారం మధ్యాహ్నం పళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుని, "ఆ ఆపరేషన్ సంగతి నీకో మాట చెప్పాలి" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "ఏటి సెప్తావు? మరదలు గుంట నేకపోతే నాను మంచం దిగుదునా? ఆపరేసను సేయించినాది కాబట్టే కాలన్నా మిగిలినాది. కట్టు కట్టుంటే ఈపాటికి తొడకాడికి తీసేద్దురు" అన్నాడు. తరవాత ఒక పండు చూపించి, "ఇది సూడు, ఒకే పండులో మూడు గింజలున్నాయి" అని నవ్వాడు. పడ్డాక ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను ఆ పండు అందుకుని చూశాను. మళ్ళీ ప్రయత్నించలేదు. ప్రయత్నిస్తానని కూడా నీకు మాట ఇవ్వలేను.

సోములమ్మకి ఒక ఉత్తరం రాశాను. ఆమెకి చదువు రాదు, ఎవరిచేతనైనా చదివించుకోవాలి. పరాయి మనిషి నోటితో ఆ మాటలు వినాల్సి వస్తుందని తలచుకుని పంపకుండా పెట్టెలో పెట్టాను.

క్రిస్మస్‌కి ఏంజెలిన్ వస్తుంది. పిన్ని రాదా అని అడుగుతుంది. నిన్ను రావద్దని నేను అనను. రమ్మని రాయడానికీ చెయ్యి రావడం లేదు. నువ్వే చూసుకో. ఉద్యోగం సంగతి తేలాక తెలియజెయ్యి.

చీకటి పడే వేళకి దీపం పెట్టుకుని ఇద్దరం ప్రార్థన చేసుకుంటాం. కాలు బిగించి వచ్చినప్పటి నుంచి మీ బావే పైకి చెప్తున్నాడు. వానలకీ, తోటకీ, హాస్టల్లో ఉన్న పిల్లకీ చెప్పాక నీ దగ్గరికి వస్తాడు. "ప్రబువా, మా క్యాతరీనుని సల్లగా సూడు. దిక్కు నేనప్పుడు మాకు అడ్డం పడినాది" అంటాడు. అని ఆగుతాడు. ఇంట్లో వినేది నేనొక్కదాన్నే. నేను ఆమెన్ అనేదాకా ఆయన కళ్ళు తెరవడు. అందుకని అంటున్నాను.

అక్క
తెరిసమ్మ